మత్తు ఇచ్చే ముందు అడిగే మాట

మత్తు డాక్టర్ పనంటే నిద్రపుచ్చడమేనని చాలామంది అనుకుంటారు. నిద్రపుచ్చడం నిమిషం పని. ఆ నిద్రలో గుండెనూ రక్తనాళాలనూ కాపాడుకుంటూ రావడమే అసలు పని.

పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ నరంలోకి ఎక్కగానే రక్తనాళాలు సడలుతాయి, బీపీ పడిపోతుంది. మామూలుగా బీపీ పడితే గుండె వేగం పెంచుకుని సర్దుకుంటుంది. ఈ మందు ఆ సర్దుబాటును కూడా మందగింపజేస్తుంది. అందుకే పెద్దవయసు వాళ్లకు కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, మణికట్టు మీంచి వేలు తీయకుండా మానిటర్ చూస్తుంటాను. కెటమిన్ దారి వేరు. అది గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది. ఎవరికి ఏది, ఎంత అన్నదే మా విద్య.

ఈ విద్య చరిత్రలో మన హైదరాబాద్‌కు చోటుంది. అప్పటి మత్తుమందు క్లోరోఫాం ముందు ఆపేది గుండెనా, ఊపిరినా? అది తేల్చడానికి 1888లో, 1889లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో రెండు కమిషన్లు అక్కడే పనిచేశాయి. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చారు, లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చారు. ముందు ఆగేది ఊపిరేనని, దాన్ని కనిపెట్టుకుంటే చాలని తేల్చారు. 1911లో డాక్టర్ గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి, తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని చూపించారు. ఊపిరిని చూడమన్న పాఠం నిలిచింది, గుండెకు భయం లేదన్న మాట నిలవలేదు.

ఊపిరినీ గుండెనూ రెండింటినీ కనిపెట్టుకోవాలన్న ఆ పాఠం నిజామాబాద్‌లో నాకు రోజూ అవసరమే. బోధన్ వైపు నుంచి ఆపరేషన్‌కు వచ్చిన చెరుకు రైతును "కల్లు తాగుతవా కాకా?" అని అడుగుతాను. "ఎప్పుడన్న ఒకసారి సారు" అంటాడు. "ఏడ సారూ! పొద్దుమీకి సీసా వడకపోతే చేతులు వణుకుతయి" అంటుంది పక్కనున్న భార్య. నాకు కావలసిన జవాబు ఆమె దగ్గర దొరుకుతుంది.

ఆ వణుకు మందు కల్లుది, అంటే మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుది కావచ్చు. అందులో కలిపేవి ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. అవి ఒంట్లో ఉండగా నా మందు తోడైతే ఊపిరీ బీపీ కలిసి పడిపోవచ్చు. క్లోరల్ హైడ్రేట్ మోతాదు మించితే క్లోరోఫాం లాగే గుండె లయను చెడగొడుతుంది. అలవాటైన మనిషి ఒక్కసారిగా మానేస్తే గుండె దడ, బీపీ పెరగడం, ఫిట్స్.

అందుకే చెబుతున్నాను. ఆపరేషన్ తేదీ పెట్టుకునేటప్పుడే కల్లు సంగతి డాక్టర్‌కు చెప్పండి. సొంతంగా హఠాత్తుగా మానేయకండి, ఎలా తగ్గించాలో మేం చెబుతాం. ఆ ఒక్క నిజం తెలిస్తే మందు మోతాదు మారుతుంది, మా జాగ్రత్త మారుతుంది. ఇంట్లో ఆడవాళ్లు ధైర్యంగా నోరు విప్పితే ఇంకా మేలు.