గీత బయట నిలబడ్డ పదో నంబర్

రగ్బీలో పదో నంబర్ చొక్కా తొడుక్కున్నవాడికి దాక్కోవడానికి చోటుండదు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ముందుకు వెళ్లాలంటే పట్టుకుని పరిగెత్తాలి, లేదా తన్నాలి. ఎప్పుడు పరిగెత్తాలో ఎప్పుడు తన్నాలో ఎక్కువసార్లు తేల్చేది ఆ పదో నంబర్ ఆటగాడే. ఐర్లండ్‌కు చాలా ఏళ్లపాటు ఆ పని చేసినవాడు రోనన్ ఓగారా. కార్క్ నగరంలో పెరిగాడు. దేశం తరఫున 128 మ్యాచ్‌లు ఆడి 1,083 పాయింట్లు చేశాడు. వాటిలో అత్యధికం కాలితో సంపాదించినవే.

2009 మార్చి 21న కార్డిఫ్‌లో ఆయన చేసిన డ్రాప్ గోల్ వీడియో నేను ఇప్పటికీ చూస్తుంటాను. మ్యాచ్ ముగియడానికి రెండు మూడు నిమిషాలే ఉన్నాయి. వేల్స్ 15, ఐర్లండ్ 14. డ్రాప్ గోల్‌లో బంతిని నేల మీదికి వదిలి, అది తాకి లేస్తుండగానే తన్నాలి. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి ఎటు లేస్తుందో ఎవరూ పూచీ ఇవ్వలేరు. వేల్స్ ఆటగాళ్లు మీద పడబోతున్నారు. ఓగారా తల దించి, చూపు బంతి మీదే పెట్టి తన్నాడు. అది రెండు స్తంభాల మధ్య నుంచి పోయింది. 17-15. ఆ ఏడాది సిక్స్ నేషన్స్ టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలిచి గ్రాండ్ స్లామ్ సాధించడం ఐర్లండ్‌కు 1948 తర్వాత అదే మొదటిసారి.

అదే కాలు ఆయన్ను ఏడిపించిన రోజూ ఉంది. 2000లో ట్వికెన్‌హామ్‌లో యూరప్ క్లబ్బుల ఫైనల్. ఓగారా జట్టు మన్‌స్టర్ ఒకే ఒక్క పాయింటు తేడాతో, 9-8తో నార్తాంప్టన్ చేతిలో ఓడింది. చివర్లో ఆయన తన్నిన పెనాల్టీ పక్కకు పోయింది. అప్పటికి 23 ఏళ్ల కుర్రాడు. ఆ కప్పు మన్‌స్టర్ చేతికి రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇన్ని చూసినవాడు 2013లో ఆట మానేశాక ఏం చేశాడన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. సొంత ఊళ్లో కూర్చుంటే పేరుకు కొదవ లేదు, పనికీ కొదవ ఉండేది కాదు. ఆయన ప్యారిస్ వెళ్లి రేసింగ్ 92 క్లబ్బులో సహాయ కోచ్‌గా చేరాడు. పరాయి భాషలో, తనకంటే తక్కువ ఆడినవాళ్లకు, తన సంగతి పెద్దగా పట్టనివాళ్లకు పాఠం చెప్పే ఉద్యోగం అది. 2016లో ఆ జట్టు ఫ్రాన్స్ లీగ్ గెలిచింది. అక్కడే స్థిరపడి ఉండొచ్చు. 2018 సీజన్‌కల్లా భార్యాపిల్లలతో భూగోళం అటు చివరన న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ చేరి, క్రూసేడర్స్ జట్టులో స్కాట్ రాబర్ట్‌సన్ కింద మళ్లీ సహాయకుడే అయ్యాడు. అక్కడున్న రెండేళ్లూ ఆ జట్టే చాంపియన్. 128 మ్యాచ్‌లు ఆడిన మనిషి మళ్లీ పలక పట్టుకుని బడికెళ్లినట్టు నాకనిపిస్తుంది. కోచ్‌గా ఆయన సాధించినదంతా ఆ బడి చలవేనని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే కోచింగ్‌లో పెద్ద చిక్కు తెలియకపోవడం కాదు, తెలిసి ఉండడం. మా వృత్తిలోనూ ఇది రోజూ చూస్తాను. కొత్తగా చేరిన అమ్మాయి రాసిన కథనం ఎదుట ఉంటుంది. మొదటి వాక్యం బాగా లేదు. నేను దిద్దితే అరనిమిషం పని. ఆమె తనే పట్టుకోవాలంటే మధ్యాహ్నమంతా పడుతుంది. దిద్దాలని వేళ్లు లాగుతూనే ఉంటాయి. చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చోవడం చేతనైన రోజే సీనియర్ గురువు అవుతాడు. ఓగారాకు ఈ బాధ ఇంకెంత ఉంటుందో! తన కాలైతే గెలిపించగలిగే మ్యాచ్‌లో, వేరొకరి కాలు తడబడుతుంటే గీత బయట నిలబడి చూడాలి.

2019లో ఆయన కోచ్‌గా లా రొషెల్ వెళ్లాడు. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ ఒడ్డున చిన్న రేవు పట్టణం, అప్పటికి పెద్ద కప్పు ఒక్కటీ గెలవని క్లబ్బు. జీవితమంతా తన్నడంతోనే పేరు తెచ్చుకున్నవాడు అక్కడ నేర్పింది తన్నడం కాదు. బంతిని బతికించండి, కింద పడుతూ కూడా పక్కవాడికి అందించండి అన్నదే ఆయన పాఠం. తన నకళ్లను తయారుచేయాలని చూడలేదు. భారీకాయులున్న జట్టు, వాళ్లకు ఏది నప్పుతుందో అదే నేర్పాడు. 2021లో యూరప్ ఫైనల్, ఫ్రాన్స్ ఫైనల్ రెండూ తులూజ్ చేతిలోనే పోయాయి.

2022 మేలో మార్సెయిలో మళ్లీ యూరప్ ఫైనల్. ఎదుట డబ్లిన్ జట్టు లెన్‌స్టర్, మన్‌స్టర్‌కు పాత పోటీదారు. వాళ్ల 21 పాయింట్లూ పెనాల్టీ కిక్కులవే, ఎక్కువ భాగం జానీ సెక్స్‌టన్ తన్నినవి. ఐర్లండ్ పదో నంబర్ చొక్కా కోసం ఓగారాతో పోటీపడి, దాన్ని అందుకున్నవాడు సెక్స్‌టన్. రేసింగ్‌లో ఓగారా శిష్యుడు కూడా. లా రొషెల్ దగ్గర 17 పాయింట్లు. చివరి నిమిషాల్లో ఆ జట్టు గోల్ గీత ముందు అంగుళం అంగుళం జరుగుతూ, పడుతూ, లేస్తూ బంతిని వదలలేదు. 2011లో లిమరిక్‌లో ఓగారా జట్టు నార్తాంప్టన్‌పై ఇలాగే 41 సార్లు బంతి నిలబెట్టుకున్నాక, చివరి కిక్ ఆయనే కొట్టాడు. ఇక్కడ చేతులు వేరేవాళ్లవి. ఆర్థర్ రెటియేర్ చెయ్యి చాచి బంతిని గీత మీద ఆనించాడు. 24-21. ఇలా బంతిని గీత మీదో అవతలో ఆనించే ట్రైలు గెలిచిన జట్టుకు మూడు, ఓడిన జట్టుకు ఒక్కటీ లేదు.

మరుసటి ఏడాది డబ్లిన్‌ ఫైనల్‌లో, లెన్‌స్టర్ సొంత గడ్డ మీదే, 17-0తో వెనకబడ్డ లా రొషెల్ 27-26తో మళ్లీ గెలిచింది. ఈ మధ్యలో రిఫరీలతో తీరు బాగా లేదని ఓగారా పలుమార్లు నిషేధాలకు గురయ్యాడు. అది నాకు నచ్చదు. రిఫరీని గౌరవించడం కుర్రాళ్లకు నేర్పాల్సిన మొదటి సంగతి, అది కోచ్ నుంచే రావాలి.

2023 ప్రపంచకప్‌తో సెక్స్‌టన్ కూడా ఆట మానేశాడు. 2025లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ ఆస్ట్రేలియా పర్యటనకు సహాయ కోచ్‌గా వెళ్లాడు, ఇప్పుడు ఐర్లండ్ కుర్ర పదో నంబర్లకు నేర్పుతున్నాడు. ఓగారా ఊరు వదిలి నేర్చుకున్నాడు, సెక్స్‌టన్ సొంతవాళ్ల మధ్యే మొదలుపెట్టాడు. తనలా తన్నమని చెబుతాడో, వాళ్లకు తోచినట్టు ఆడనిస్తాడో చూడాలి.