ఇనుప పందిరి

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో తీరం దాటింది. గాలి తగ్గాక డాబా తలుపు తోసుకుని పైకెళ్లి చూస్తే మా పందిరి లేదు. వెదురు బొంగుల్లో రెండు పక్క వీధిలో దొరికాయి, మిగతావి ఎటు పోయాయో తెలియదు. ఎనిమిదేళ్ల దొండపాదు, గుమ్మం పక్క నుంచి పైకెక్కించిన సన్నజాజి, అమ్మ పొన్నూరు నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన తమలపాకు తీగ, అన్నీ ఒకే ముద్దగా పిట్టగోడ మూలకి చేరి ఉన్నాయి. ఊరు ఊరంతా చెట్లు పోగొట్టుకున్న రోజది. అయినా నా పందిరి కోసం నేను ఏడ్చాను.

ఆ రాత్రి కరెంటు లేని చీకట్లో కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తేలింది. తుఫాను రాకపోయినా నా పందిరి రెండేళ్లకోసారి పడిపోతూనే ఉంది. వెదురు మొదలు వానకి నానుతుంది, చెద పడుతుంది. కొబ్బరి తాడు ఎండకి పెళుసెక్కి తెగుతుంది. కొత్త బొంగులు వేసిన ప్రతిసారీ పాదుల్ని కిందికి దించాలి. దించడమంటే సగానికి కోసేయడమే. అవి మళ్లీ పైకెక్కి కాపుకొచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. దొండ, తమలపాకు, జాజి, ఇవన్నీ ఏళ్లకేళ్లు బతికే మొక్కలు. వాటి వయసుకి పందిరి వయసు చాలడం లేదు.

అలా మొదలైంది ఇనుము మీద నా ధ్యాస.

గ్రీన్‌హౌస్ అనగానే మనకి అద్దాల మేడలు గుర్తొస్తాయి. లండన్ క్యూ తోటలో 1848లో పూర్తయిన పామ్ హౌస్‌ని ఇనుప చట్రానికి అద్దాలు బిగించి కట్టారు. చలిదేశంలో తాటి జాతి చెట్లని బతికించాలంటే వేడిని లోపల పట్టి ఉంచాలి కదా. మన దగ్గర ఆ చెట్లు రోడ్డు పక్కనే పెరుగుతాయి. మనకి కావలసింది వేడి కాదు, నీడ. ఆ కిటుకు మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. తమలపాకు తోటలో వరసగా అవిసె మొక్కలు నాటి, తీగని వాటికే పాకించి, ఆ పల్చటి ఆకుల నీడలోనే పెంచుతారు. ఎండ పడీపడనట్టుగా ఉంటుంది, గాలి ఆడుతుంది, తేమ పోదు. మా అమ్మ పుట్టింటి వైపు అలాంటి తోటలో మధ్యాహ్నం నిలబడ్డవాళ్లకి మన ఊళ్లలో గ్రీన్‌హౌస్ ఎలా ఉండాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. డాబా మీద అవిసె చెట్టు వేయలేం కనుక దాని బదులు ఇనుప చట్రం, దాని ఆకుల బదులు నీడ వల. నేను చేసిందల్లా అంతే.

మొదటిసారి తప్పు చేశాను. 2015లో చవగ్గా వస్తున్నాయని సన్న పైపులు కొని, అన్ని అతుకులూ వెల్డింగ్ చేయించి, పైన వెండిరంగు వేయించాను. రెండో వానాకాలానికే అతుకుల కింద టీ మరకలాంటి గీతలు దిగాయి. నాలుగో ఏడు వచ్చేసరికి ఒక అతుకుని బొటనవేలితో నొక్కితే పెచ్చు ఊడి వచ్చింది.

రెండోసారి వచ్చిన మేస్త్రీ పెద్దాయన. పాత పైపుని మేకుతో గీకి చూసి, "ఎల్డింగ్ పెట్టిన కాడ జింకు కాలిపోతాదమ్మా. ఇనుం ఒంటి మీద గుడ్డ ఇప్పీసినట్టే. సముద్రం గాలి ఊరుకుంటాదేటి?" అన్నాడు. జీఐ పైపు సంగతి నాకు అర్థమైంది ఆ మాటతోనే. సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచి తీసిన ఇనుము అది. 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఇంజనీరు ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. జింకు ఇనుముకి ముసుగు మాత్రమే కాదు, ఇనుముకి బదులుగా తాను ముందు తరిగిపోతుంది. చిన్న గీత పడ్డా చుట్టూ ఉన్న జింకు ఆ చోటుని కాస్తుంది. వెల్డింగ్ మంట తగిలిన చోట ఆ కాపలా ఉండదు. తప్పనిసరై అతికితే, గీకి శుభ్రం చేసి జింకు పెయింటు రెండు పూతలు వేయాలి. మేం అసలు అతకలేదు. క్లాంపులు, జింకు పూసిన నట్లు, బోల్టులతోనే బిగించాం. పైపుల పై కొసలకి మూతలు పెట్టాం. మూత లేని పైపులో వాన నీరు నిలిచి లోపలి నుంచి తినేస్తుంది, బయటికి ఏమీ కనపడదు.

కాళ్లు ఎక్కడ నిలపాలన్నది ఇంకో సమస్య. శ్లాబుకి చిల్లులు పెడితే కింద గదిలో కురుస్తుంది. మా ఇంటికి పై అంతస్తు వేద్దామని స్తంభాల ఊచలు వదిలి ఉంచారు. చాలామంది డాబాల మీద అవి తుప్పు పడుతూ ఉంటాయి. వాటి చుట్టూ కాంక్రీటు దిమ్మలు పోసి, బేస్ ప్లేట్లు బిగించి, వాటి మీద కాళ్లు నిలిపాం. గాలి పందిరిని పైకి లాగినా ఆ బలం నేరుగా స్తంభంలోకి దిగుతుంది. అలాంటి ఊచలు లేని ఇంట్లో ఇంజనీరుకి చూపించకుండా ముందుకి వెళ్లొద్దు.

పదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు. 2019 నుంచి అది అలాగే నిలబడి ఉంది. దాని కింద ఇప్పుడు మే నెలలో కొత్తిమీర మొలుస్తోంది. యాభై శాతం నీడ వల కింద, పొద్దున్నే తడిపితే, మొలక మాడదు. వానాకాలంలో సగం కప్పుకి 200 మైక్రాన్ల పాలిథీన్ వేస్తాను. జడివానకి తోటకూర, పాలకూర నేలకి అతుక్కుపోయే బాధ తప్పింది. పైపుకి తగిలే చోట ఆ షీటు వేడికి త్వరగా చిరుగుతుంది కనుక పైపు మీద తెల్ల గుడ్డ చుడతాను. పక్కలకి 40 మెష్ వల కట్టిన మూలలో బెండ వేస్తే పల్లాకు తెగులు బాగా తగ్గింది, ఆ తెగులు మోసుకొచ్చే తెల్లదోమ లోపలికి దూరలేదు కనుక. అదే వల తేనెటీగనీ ఆపుతుంది. అందుకే ఆనపపాదుని వల బయటే పాకిస్తాను. టమాటా మాత్రం లోపలే ఉంచి, పూత మీద ఉన్నప్పుడు పొద్దున పూట కొమ్మని వేళ్లతో మెల్లిగా తడతాను. పసుపు పుప్పొడి వేలికి అంటుతుంది. అయితే పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడని రోజుల్లో ఏ పందిరీ టమాటా పూతని నిలపలేదు. ఆ నెలల్లో టమాటా జోలికి పోను.

మా చెల్లెలు ఉండేది జగిత్యాల వైపు. అక్కడ గాలి భయం లేదు, కోతుల భయం. దాని పందిరికి చుట్టూ ఇనుప జాలీ కొట్టించుకుంది. "అక్కా, మూడేళ్ల తర్వాత మా జామకాయ మేం తిన్నాం" అని మొన్న ఫోన్ చేసింది.

ఖర్చు మాట దాచను. వెదురు పందిరికి అయ్యేదానికి చాలా రెట్లు అవుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా వెనకాడనక్కర్లేదు, బోల్టులు విప్పుకుని పట్టుకుపోవచ్చు. ఇక తుఫాను హెచ్చరిక వస్తే నేను మొదట చేసే పని వల, షీటు విప్పి, చుట్టి, కింద గదిలో పడేయడం. దానికి అరగంట చాలు. గాలికి ఎదురు నిలిచేది ఆ కప్పే. అది లేకపోతే పైపుల మధ్య నుంచి గాలి దారిన గాలి పోతుంది. పందిరి నిలుస్తుంది, దాన్ని పట్టుకుని తీగ నిలుస్తుంది. అమ్మ తెచ్చిన తమలపాకు కణుపు నుంచి మళ్లీ చిగిర్చిన తీగే ఇప్పుడు తూర్పు కాలు పొడుగునా పాకి ఉంది.

మీకూ డాబా మీద ఇనుప పందిరి ఉంటే సెప్టెంబరు నెలాఖరులోగా ఒక సాయంత్రం స్పానర్ పట్టుకుని పైకెళ్లండి. ప్రతి బోల్టూ బిగించండి, పైపు మూతలు చూడండి, కాళ్ల చుట్టూ చేరిన మట్టి, ఎరువు తీసి నీళ్లతో కడగండి. అక్టోబరు, నవంబరు మన కోస్తాకి తుఫాను నెలలు.