వెలుగుతోంది కదా!

మా వాకిట్లో జామచెట్టు పక్కన చిన్న కొలను ఉంది. మోకాలిలోతు నీళ్లు, రెండు కలువ మొక్కలు, ఆరు గోల్డ్‌ఫిష్‌లు. కిందటి వేసవిలో కరివేపాకు నూరి కలిపినట్టు ఆ నీళ్లు పచ్చగా మారిపోయాయి. మేత వేసినప్పుడు పైకొస్తే తప్ప చేపలు ఉన్నాయో లేదో తెలిసేది కాదు.

నీళ్లు పచ్చబడకూడదనే అంతకు రెండేళ్ల ముందు యూవీ లైటు పెట్టించాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే వంగి చూసి, "నీలంగా వెలుగుతోంది కదా సార్, దానికేం రోగం?" అన్నాడు. నేనూ అన్నాళ్లూ అదే ధీమాతో ఉన్నాను.

పచ్చదనమంటే నీళ్లలో తేలాడే ఏకకణ నాచు. ఫిల్టర్ స్పాంజిలోంచి కూడా జారిపోయేంత సూక్ష్మం. పంపు తోసిన నీళ్లు లైటు పక్కనుంచి పోతుంటే, 254 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం ఆ కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. ఇక అవి పెరగలేవు, ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. అప్పుడు స్పాంజికి చిక్కుతాయి. స్పాంజి కడగకపోతే లైటు పడ్డ శ్రమంతా వృథా. రాళ్లకు పట్టిన పీచు నాచు సంగతి వేరు. అది లైటు దగ్గరికి రాదు, చేత్తో పీకాల్సిందే.

ఆ కిరణం మన కంటికి కనిపించదు. మనం చూసే నీలం, ట్యూబులోని పాదరసపు ఆవిరి దానితోపాటు ఇచ్చే మామూలు వెలుగు. కిరణం నీరసించినా ఆ నీలం మాత్రం అలాగే ఉంటుంది. ట్యూబు సత్తువ సుమారు ఎనిమిది, తొమ్మిది వేల గంటలు. రాత్రీపగలూ వెలిగిస్తే ఏడాదికి 8,760 గంటలు. నాది రెండేళ్లుగా వెలుగుతోంది!

స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకి, డబ్బా విప్పితే రెండో తప్పు బయటపడింది. ట్యూబు చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టం మీద బోరునీళ్ల ఉప్పు తెల్లగా పెచ్చుకట్టింది. మామూలు గాజు ఈ కిరణాన్ని ఆపేస్తుందనే క్వార్ట్జ్ వాడతారు. దాని మీద నేను సున్నం గోడ కట్టనిచ్చాను. నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిస్తే వదిలింది. కొత్త ట్యూబును గుడ్డతో పట్టుకుని బిగించాను. వెలిగే ట్యూబును నేరుగా చూడకూడదు, వెల్డింగ్ మంటను చూసినట్టే కళ్లు దెబ్బతింటాయి. పాత ట్యూబులో పాదరసం ఉంటుంది కాబట్టి చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇచ్చాను.

పది రోజులకు అడుగున గులకరాళ్లు కనిపించాయి. అయినా నాచుకు ఎరువు వేసింది నేనే. చేపలు తినగా మిగిలిన మేత, వాటి మలం నీళ్లలో పేరుకుంటే ఏ లైటూ వాటిని తీసేయలేదు. ఇప్పుడు రోజుకొక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే వేస్తున్నాను.

ట్యూబు మార్చిన తేదీని డబ్బా మీద మార్కర్‌తో రాసుకున్నాను. రాస్తుండగానే వంటింటి నీళ్ల ఫిల్టర్ గుర్తొచ్చింది. అందులోనూ యూవీ ట్యూబే. మీ ఇంట్లోనూ ఉంటే, దాన్ని చివరిసారి ఎప్పుడు మార్పించారో ఈ ఆదివారం ఒకసారి చూసుకోండి.