మూడో రోజు ప్లేటు

ల్యాబులో బాక్టీరియా పెంచే ప్లేట్లు పారేయడానికి ఎప్పుడూ తొందరే. ఇంక్యుబేటర్‌లో చోటు చాలదు, తర్వాతి బ్యాచ్ సిద్ధంగా ఉంటుంది. ఆ తొందరకు లొంగనివాళ్లకే వేటాడే బాక్టీరియా దొరికింది. జర్మన్ శాస్త్రవేత్త హైంజ్ స్టోల్ప్ మట్టిలో ఫేజ్‌ల కోసం, అంటే బాక్టీరియాను చంపే వైరస్‌ల కోసం వెతుకుతున్నారు. ఫేజ్ ఉంటే మర్నాటికల్లా ప్లేటు మీద గుండ్రటి ఖాళీలు పడతాయి. ఆయన ప్లేట్లను ఇంకా ఉంచారు. రెండు మూడు రోజులకు కొత్త ఖాళీలు కనిపించాయి. వాటిలో ఉన్నది వైరస్ కాదు, తోటి బాక్టీరియాలోకి దూరి లోపలి నుంచి తినేసే చిన్న బాక్టీరియా. 1962లో లోకానికి తెలిసిన ఆ జీవే డెల్లోవిబ్రియో.

ఆర్కిటిక్‌లోని నార్వే దీవులైన స్వాల్‌బార్డ్ నుంచి ఇటీవల ఈ కుటుంబంలో ఇంకో జాతి బయటపడింది: డెల్లోవిబ్రియో స్వాల్‌బార్డెన్సిస్. అంత చలి ప్రాంతంలోనూ ఈ వేటగాళ్లు ఉన్నారన్నమాట! ఆ వార్త చదివినప్పుడు నా మనసు ప్లేట్ల మీదకే పోయింది.

వేటాడే బాక్టీరియాను వెతికే పనిలో ముందు పెంచాల్సింది వేటగాణ్ని కాదు, వాడి తిండిని. మట్టి కలిపిన నీటిని సన్నటి ఫిల్టర్‌లో వడకడితే పెద్ద కణాలు ఆగిపోతాయి, చిన్నవైన ఈ వేట బాక్టీరియా జారిపోతాయి. ఆ నీటిని, ఎర బాక్టీరియాను గోరువెచ్చని పల్చటి అగార్‌లో కలిపి, గడ్డకట్టేలోపే ప్లేటంతా పరుచుకునేలా తిప్పాలి. ఎర పెరిగితే ప్లేటు పాలమీగడలా తెల్లబడుతుంది. ఖాళీ కనిపించగానే ప్లేటు అడుగున మార్కర్‌తో దాని చుట్టూ గీత గీస్తాం. ఎర పెరుగుదల ఆగితే ఫేజ్ ఖాళీ సాధారణంగా అక్కడితో ఆగుతుంది. డెల్లోవిబ్రియో పెరగని కణాలనూ తింటుంది కాబట్టి దాని ఖాళీ సిరా గీత దాటి పాకుతుంది. ఆ దాటడం చూసినప్పుడు కలిగే ఉత్సాహం ఎన్నేళ్లయినా తగ్గదు. చలిప్రాంతపు జీవులైతే ఇంకా ఓపిక పట్టాలి.

చలి నేలల జీవులన్నీ వేటగాళ్లు కావు. మన హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుంచి స్ఫింగోబాక్టీరియం అంటార్కిటికస్ అనే కొత్త జాతిని 1992లో ప్రకటించారు. అలాంటి వాటిని మామూలు మీడియంలో విడిగా పెంచవచ్చు. డెల్లోవిబ్రియోకు సాధారణంగా బతికున్న ఎర కావాలి. అందుకే దాని జీనోమ్ చదివేటప్పుడు ఎర డీఎన్ఏ కలవకుండా చూసుకోవాలి. దగ్గరి జాతుల జీనోమ్‌లతో పోలిక సుమారు 95 శాతం కన్నా తక్కువ ఉంటేనే కొత్త జాతి అనే వాదన నిలుస్తుంది. పేరు చెల్లాలంటే రెండు దేశాల్లోని కల్చర్ బ్యాంకుల్లో జీవాన్ని దాచాలి. అక్కడ దాన్ని మళ్లీ లేపి పెంచేవాళ్లకు సరైన ఎర కూడా చేతిలో ఉండాలి.