సరిహద్దు పలుకు – రెండు చలనచిత్రములు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములందు పెక్కు కుటుంబములకు తెలుగు ఇంటిభాష, కన్నడము పాలనాభాష. 1956లో రాష్ట్రములు భాషననుసరించి పునర్వ్యవస్థీకరింపబడినను ఈ సీమ మైసూరు రాష్ట్రముననే నిలిచెను. చింతామణి తాలూకా కైవారమందు వెలసిన నారాయణ తాతయ్య తెలుగు కన్నడములు రెంటను తత్త్వములు పాడెను. రెండు భాషలు ఒకే నోట ఇముడుట ఇచటివారికి వింత గాదు. అట్టివారి ఇంటిపలుకును చలనచిత్రము ఎంతవరకు గౌరవించినదో పరిశీలింపదగియున్నది.

ఇటలీలో ఈ ప్రశ్న 1948లోనే తలయెత్తెను. లుకీనో విస్కోంతి 'లా తెర్రా త్రేమా' అను చిత్రమును సిసిలీ ద్వీపమందలి ఆచి త్రెజ్జా అను జాలరిపల్లెలో, ఆ పల్లెవారినే పాత్రధారులుగా గైకొని, వారి పలుకుననే నిర్మించెను. ఆ పలుకు తక్కిన ఇటలీవారికి బోధపడకపోవుటచే ప్రామాణిక భాషలో వ్యాఖ్యానమును చేర్పవలసివచ్చెను. కథానాయకుడు న్తోని దళారుల పట్టునుండి విడివడగోరి, ఇల్లు తాకట్టుపెట్టి, సొంతముగా వేటకు దిగును. తుపానులో పడవ చెడును, ఇల్లు పోవును, తమ్ముడు ఊరు విడుచును. తుదకు న్తోని ఆ దళారులకడనే మరల కూలికి చేరును. కుటుంబము చెదరినను, ఆ దుఃఖమును చెప్పుకొను మాట మాత్రము వారిదిగనే నిలిచినది.

మన సరిహద్దు సీమకు దగ్గరి ఉదాహరణము 2021లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా వెలువడిన 'సినిమా బండి'. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల. ఆంధ్ర కర్ణాటక సరిహద్దున గల గొల్లపల్లి కథాస్థలము. ఆటో నడుపు వీరబాబునకు బండిలో నెవరో మఱచిన కెమెరా దొరకును. చిత్రము తీసినచో ఊరు బాగుపడునని యతని ఆశ. పెండ్లిండ్లకు ఫొటోలు తీయు గణపతి, క్షౌరవృత్తిలోని మరిడేశ్, కూరగాయలమ్ము మంగ తోడగుదురు.

తెలుగు చిత్రములందు సీమయాసలు చిరకాలము హాస్యపాత్రలకును, ప్రతినాయకులకును చాలవరకు పరిమితములైనవి. ఈ చిత్రమందును నవ్వు కలదు. కాని యది పాత్రల అనుభవలేమినుండి పుట్టినదే గాని పలుకును ఎగతాళి చేయుటవలన పుట్టినది గాదు. ప్రేమయు, పౌరుషమును, అలుకయు ఆ పలుకుననే సాగును. ఇదియే దీని ప్రధానగుణము.

లోపమును లేకపోలేదు. కరవును, పల్లెను విడిచిపోవు జనమును చూపి ఆరంభమైన కథ, ఊరివారు తమ చిత్రమును చూచి మురియుటతో ముగియును. మురిపెము నిజమే, నీటికొరత మాత్రము కథకు వెలుపల మిగిలిపోయినది. విస్కోంతి తన జాలరికి అట్టి సుఖాంతమును ప్రసాదింపలేదు. అందుచేతనే న్తోని కష్టము ప్రేక్షకుని వెన్నాడును.

పలుకును గౌరవించుట మొదటి మెట్టు. ఆ పలుకువారి బ్రదుకును తుదివరకు అనుసరించుట రెండవది. ఇంట తెలుగు, బడిలో కన్నడము మాటలాడు బాగేపల్లి బాలుని కథకు ఈ రెండును కావలెను. రెండింట నొకదానిని తీసివైచి చెప్పిన కథ ఆ బాలునికి పరాయిదే యగును.