గడుగ్గాయిల మూకీ రాజ్యం

తెర మీద పిల్లలు మరీ ముద్దొచ్చేస్తుంటే నాకు అనుమానం మొదలవుతుంది. కెమెరా వెనక పెద్దవాళ్లెవరో ఆ ముద్దును పని గట్టుకుని రాబడుతున్నారని లెక్క. అదే మట్టి కొట్టుకుని, చొక్కా చింపుకుని, పక్కవాడి చేతిలోది లాక్కుని, ఇంట్లోంచి ఎంత పిలిచినా పలక్కుండా తిరిగే పిల్లలు కనిపించారా, కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటాను. అలాంటి పిల్లల్ని సినిమా దండిగా చూపించిన కాలం ఒకటుంది. 1922 నుంచి 1929 దాకా, కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో, హాల్ రోచ్ స్టూడియోలో తీసిన 'అవర్ గ్యాంగ్' మూకీ చిత్రాలవి. చాలావరకు రెండు రీళ్లు, ఇరవై నిమిషాలు. పిల్లల హాస్యంలో వాటిని మించినవి అంతకుముందు లేవు, తర్వాతా రాలేదు. ఇది నా పక్షపాతమే అనుకున్నా నాకు బాధ లేదు.

అసలు సినిమా పుట్టిన ఏడాదే తుంటరి పిల్లాడూ పుట్టాడు. 1895లో లూమియేర్ సోదరులు తీసిన ఒక నిమిషం కూడా లేని బొమ్మలో తోటమాలి మొక్కలకు నీళ్లు పెడుతుంటే, కుర్రాడొకడు వెనక నుంచి వచ్చి గొట్టం మీద కాలేస్తాడు. నీళ్లెందుకు ఆగాయా అని తోటమాలి గొట్టం మూతిలోకి చూడగానే కాలు తీసేస్తాడు. తెర మీద మొదటి నవ్వు అదేనంటారు. తర్వాత ఫ్రాన్సులో గోమాన్ సంస్థకు లూయీ ఫెయాద్ 'బెబె' అనే చిన్నవాడితోనూ, 'బు ద జాన్' అనే మరో చిన్నవాడితోనూ వరసగా పొట్టి సినిమాలు తీశాడు. వాళ్లు ఒంటరి వీరులు. పిల్లల్ని గుంపుగా, ఒక వీధిగా, ఒక రాజ్యంగా చూపించిన ఘనత మాత్రం రోచ్‌ది. ఒకరోజు ఆయన దగ్గరికి ఎవరో తల్లి తన కూతుర్ని ముస్తాబు చేసి, మొహానికి రంగులు పూసి తీసుకొచ్చిందట. ఆ పిల్ల నేర్పినదంతా అప్పజెప్పి వెళ్లాక రోచ్ విసుగ్గా కిటికీలోంచి చూస్తే, ఎదురుగా కలప అడితిలో పిల్లలు కర్రముక్కల కోసం కొట్లాడుకుంటున్నారట. ఎవడికి పెద్ద కర్ర దక్కుతుందోనని పావుగంట సేపు చూస్తూ ఉండిపోయాడట. ఎంత నిజమో గానీ, సిరీస్ మొత్తం సారం ఆ కథలోనే ఉంది.

ఇక ఆ పిల్లల సంగతి. అందరికంటే ముందు చేరినవాడు 'సన్‌షైన్ సామీ' ఎర్నీ మోరిసన్. హాలీవుడ్‌లో దీర్ఘకాలిక కాంట్రాక్టు దక్కిన మొదటి నల్లజాతి నటుడు ఇతనేనని చెబుతారు. పథకాలన్నీ ఇతని బుర్రలోంచే వస్తాయి. మొహం నిండా మచ్చల మిక్కీ డేనియల్స్ నోరంతా తెరిచి నవ్వితే, శబ్దం లేని సినిమాలోనూ మనకు వినిపిస్తుంది. బొద్దుగా జో కాబ్, రేగిన జుట్టుతో జాకీ కాండన్, గుంపుకి ఒకతే రాణిలా మేరీ కోర్న్‌మన్. స్టూడియోలో స్టిల్ ఫొటోగ్రాఫర్ కూతురే ఈ మేరీ. వీళ్లందరినీ మించినవాడు ఫరీనా. అసలు పేరు అలెన్ హాస్కిన్స్. రెండేళ్లయినా నిండకుండా సెట్లోకి వచ్చి, 1931 దాకా వందకు పైగా చిత్రాల్లో వేశాడు. పిల్లలు ఎదుగుతారు, గొంతులు మారతాయి, కొత్తవాళ్లు వస్తారు. గ్యాంగ్ మాత్రం ఎప్పటికీ ఆ ఈడులోనే ఉంటుంది. ఈ ఏర్పాటు వల్లే సిరీస్ అన్నేళ్లు నిలబడింది.

పేరంతా రోచ్‌కి పోయింది గానీ, ప్రాణం పోసింది దర్శకుడు రాబర్ట్ మెక్‌గోవన్. ఒకప్పుడు డెన్వర్‌లో అగ్నిమాపక దళంలో పనిచేసిన మనిషి. ఆయన పద్ధతి తెలిస్తే ఈ సినిమాలు ఎందుకు గొప్పవో తెలుస్తుంది. పిల్లల్లో చాలామందికి చదవడమే రాదు, కాబట్టి స్క్రిప్టు చేతికివ్వడం, డైలాగు బట్టీ పట్టించడం లేవు. షాటుకు ముందు సంగతేమిటో ఆటలా చెప్పేవాడు. ఆ తర్వాత కెమెరా తిరుగుతున్నంతసేపూ పక్కనే ఉండి మాట్లాడుతూనే ఉండేవాడు. ఇప్పుడు అటు చూడు, నీ వెనక ఏదో ఉంది, నెమ్మదిగా తిరుగు, ఇప్పుడు పరుగెత్తు... ఇలా. మూకీ కాబట్టి ఆ గొంతు ఫిల్ము మీదికి ఎక్కదు. పిల్లవాడు ఆ మాట వింటాడు, ఒక క్షణం ఆలోచిస్తాడు, అప్పుడు చేస్తాడు. ఆ ఒక్క క్షణమే తెర మీద బంగారం. బట్టీ పట్టిన పిల్లవాడి మొహంలో అది ఉండదు, వాడికి తర్వాతేమిటో ముందే తెలుసు కాబట్టి. శ్రద్ధగా చూస్తే అప్పుడప్పుడు పిల్లల చూపు ఫ్రేము బయటికి జారడం కూడా కనిపిస్తుంది. నాకది తప్పులా కనిపించదు, గురువుగారి సంతకంలా కనిపిస్తుంది.

ఫరీనా ఏడుపు చూడండి. మామూలుగా బాలనటుడి ఏడుపంటే కళ్లు నలపడం, పెదవి విరవడం. ఫరీనా అలా ఏడవడు. ముందు నమ్మలేనట్టు చూస్తాడు. కింది పెదవి కాస్త ముందుకొస్తుంది. ఏడవకూడదని ఒకసారి మింగుతాడు. కళ్లలో నీరు నిండి, నిండి, చివరికి ఒక్క బొట్టు బుగ్గ మీదికి దొర్లుతుంది. అంతలో ఏదో తమాషా కనిపించి, ఆ నీళ్లు ఆరకుండానే నవ్వేస్తాడు. ఇదంతా ఒకే షాటులో, దగ్గరి నుంచి తీసిన షాటులో. గ్లిజరిన్ చుక్కలు ఈ పని చేయలేవు. ఎంత పేరున్న మహానటులైనా ఈ మలుపును ఇంత నున్నగా తిప్పగలరా అని నాకు సందేహమే.

కథల అల్లిక కూడా ఓ పనితనమే. సూత్రం ఒకటే. పెద్దల లోకంలో పిల్లల్ని రానివ్వరు, పిల్లలు తమ లోకం కట్టుకుంటారు. ఫెయిర్‌లోకి వెళ్లే దారి లేకపోతే 'ది బిగ్ షో'లో సొంత ఫెయిర్ పెట్టేస్తారు. 'డెర్బీ డే'లో దొరికిన జంతువునల్లా ఎక్కి గుర్రప్పందెం జరుపుతారు. 'ది సన్ డౌన్ లిమిటెడ్'లో సొంత రైలే నడుపుతారు. 'ది చాంపీన్'లో దొంగిలించిన ఆపిల్ పళ్లకు డబ్బు కట్టడానికి సామీ ముష్టియుద్ధం పోటీ పెట్టి, మేరీ కోసం పోటీపడే ఇద్దరు కుర్రాళ్లను బరిలోకి దించుతాడు. 'వన్ వైల్డ్ రైడ్'లో ఇంజనే లేని పాత కారుకు గుర్రాన్ని కట్టి టాక్సీ నడుపుతారు. గుర్రం చేజారాక కారును మెరక మీదికి చేర్చి పల్లానికి వదలడమే. చివరికి ఫరీనా ఒక్కడూ అందులో చిక్కి, బ్రేకు లేని బండిలో ఊరంతా చుట్టేస్తుంటే గుండె గొంతులోకొస్తుంది. పీపాలు, తాళ్లు, పాత చక్రాలు, రేకు డబ్బాలతో ఆ బళ్లన్నీ కట్టిన స్టూడియో సామగ్రివాళ్లకు చేతులెత్తి మొక్కాలి. పిల్లలే కట్టుకున్నారని నమ్మేంత వంకరగానూ, పిల్లల్ని మోసేంత గట్టిగానూ ఉంటాయి.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది 1923 నాటి 'డాగ్స్ ఆఫ్ వార్'. మొదట కూరగాయలు విసురుకుంటూ కందకాల్లో పిల్లల ప్రపంచయుద్ధం. అసలుది ముగిసి అప్పటికి అయిదేళ్లే! ఇంతలో మేరీకి సినిమాలో వేషం వస్తుంది. గుంపంతా స్టూడియోలోకి దూరుతుంది. అక్కడ హెరాల్డ్ లాయిడ్ అంతటివాడు ఎదురవుతాడు. పిల్లలు కెమెరా దొరకబుచ్చుకుని తమ సినిమా తాము తీస్తారు. తీరా ప్రొజెక్టరు మీద వేసి చూస్తే, అంతకుముందే బొమ్మ పడిన ఫిల్ము మీద మళ్లీ తీసినట్టు తేలుతుంది. ఒకదాని మీద ఒకటి బొమ్మలు, పెద్దల నాటకంలోంచి తోసుకొచ్చే పిల్లల దండు. చేత్తో తిప్పే కెమెరాలో ఫిల్మును వెనక్కి చుట్టి మళ్లీ తీసే ఈ డబుల్ ఎక్స్‌పోజరును ఎందరో దయ్యాల కోసం, దేవతల కోసం వాడారు. మెక్‌గోవన్ అల్లరి కోసం వాడాడు. హాలీవుడ్ తన మీద తాను వేసుకున్న జోకుల్లో దీనికి సాటి తక్కువ.

ఒక మాట దాచకూడదు. ఈ చిత్రాల్లో జాత్యహంకారపు మరకలున్నాయి. ఫరీనాకు కట్టిన పిలకలు, తొడిగిన చింకి గుడ్డలు, టైటిల్ కార్డుల్లో నల్లజాతి యాసను వెక్కిరించే రాతలు ఇవాళ చూస్తే ఇబ్బందిగానే ఉంటాయి. అభిమానిని కదా అని వాటిని సమర్థించను. అయితే అమెరికాలో దక్షిణాది రాష్ట్రాలు నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే బడిలో కూర్చోనివ్వని రోజులవి. అలాంటప్పుడు ఈ తెర మీద వాళ్లు ఒకే బండి తోశారు, ఒకే మట్టిలో దొర్లారు. స్టూడియోలో ఫెర్న్ కార్టర్ టీచరమ్మ దగ్గర పాఠాలు కూడా అందరూ ఒకే గదిలో చదువుకున్నారు. రెండూ నిజాలే.

1929లో 'స్మాల్ టాక్'తో గ్యాంగ్‌కి మాటలొచ్చాయి. నా దృష్టిలో అసలు దెబ్బ అక్కడే తగిలింది. మైకు పెట్టాక మెక్‌గోవన్ నోరు మూసుకోవాల్సి వచ్చింది. పిల్లలు డైలాగులు నేర్చుకోవాల్సి వచ్చింది. 1933లో ఆయన పక్కకు తప్పుకున్నాడు. తర్వాత స్పాంకీ, ఆల్ఫాల్ఫాల కాలం వచ్చింది. వాళ్లకు కోట్ల మంది అభిమానులున్నారు, ఉండనివ్వండి. ఆస్కార్ కూడా 1936 నాటి టాకీకే దక్కింది. సిరీస్ మొత్తానికి వచ్చిన ఆస్కార్ అదొక్కటే. మెక్‌గోవన్ అల్మారాలో ఉండాల్సిన బొమ్మ అది! 1938లో రోచ్ సిరీస్‌ను ఎంజీఎంకు అమ్మేశాడు. అక్కడ పిల్లలకు తల దువ్వి, నీతిపాఠాలు చెప్పించి, 1944లో మూసేశారు.

అనుకరణల గురించి చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. గ్యాంగ్‌కి గిరాకీ ఉందని తెలియగానే పోటీ స్టూడియోలన్నీ పిల్లల గుంపుల్ని పోగేశాయి. వాటిలో 'మిక్కీ మెగ్వైర్' సిరీస్ కాస్త నిలబడింది, అదైనా మిక్కీ రూనీ అనే ఒక్క బుడతడి పుణ్యం. మిగిలినవాటిలో లావు కుర్రాడు ఒకడు, మచ్చల మొహం ఒకడు, కుక్క ఒకటి లెక్కకు ఉంటాయి, కథే ఉండదు. కూర వండమంటే గిన్నెలు కడిగి వరసగా పేర్చినట్టు. అంతకంటే ఘోరం అసలు చిత్రాలకు జరిగింది. 1960లో అమెరికన్ టీవీ కోసం ఈ మూకీలను ముక్కలు కోసి, 'మిస్చీఫ్ మేకర్స్' అని కొత్త పేరు పెట్టి, గోలగోలగా శబ్దాలు అతికించి వేశారు. మూకీలను సరైన వేగంతో నడపకపోతే పిల్లలు గంతులేసే బొమ్మల్లా కనిపిస్తారు. ఫరీనా కంటినీరు బుగ్గ దాకా రావడానికి పట్టిన కాలాన్ని ఎవడో మీట నొక్కి మింగేస్తే, ఇక మిగిలిందేమిటి? ఇళ్లలో వేసుకోవడానికి కోడక్ వాళ్లు అద్దెకిచ్చిన 16 మి.మీ. ప్రింట్లు కొన్నింటిని బతికించాయి కాబట్టి సరిపోయింది.

మన సంగతికి వద్దాం. పిల్లల చేతే సినిమా నడిపించడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1936లోనే సి. పుల్లయ్యగారు 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' పూర్తిగా పిల్లలతో తీశారు. అవి పౌరాణికాలు, పద్యం నేర్చి పాత్ర పోషించిన పిల్లలు, ఆ సంప్రదాయానికి దాని గౌరవం దానిది. కానీ ఇవాళ మన టీవీల్లో చూస్తున్నదేమిటి? ఆరేళ్లవాడికి సూటు తొడిగి, పెద్దల ప్రేమ డైలాగులు అప్పజెప్పించి, అర్థం తెలియని రెండర్థాల మాట ఒకటి అనిపించి, కింద కూర్చున్న పెద్దలు చప్పట్లు కొడతారు. వెనక నవ్వుల టేపు. రోచ్ గదిలోకి మొహానికి రంగు పూసుకుని వచ్చిన ఆ పాప ఇప్పుడు మన హాల్లో తిష్ట వేసింది. కిటికీలోంచి కర్రల కోసం కొట్లాడే పిల్లల్ని చూసే తీరిక మాత్రం ఎవరికీ లేదు. బుడుగును కన్న జాతికి ఇది తగునా?

అందుకే దర్శకులకూ, టీవీ కార్యక్రమాలు చేసేవారికీ నా మనవి ఒకటే. పిల్లవాడికి డైలాగు ఇచ్చే ముందు ఒక్క మధ్యాహ్నం మెక్‌గోవన్ చిత్రాలు చూడండి. తల్లిదండ్రులకూ ఇంకో మాట. 1920ల నాటి ఈ మూకీలకు అమెరికాలో హక్కుల గడువు తీరిపోయింది, వెతికితే దొరుకుతాయి. 'డాగ్స్ ఆఫ్ వార్', 'వన్ వైల్డ్ రైడ్', 'ది చాంపీన్'. ఈ మూడింటితో మొదలుపెట్టండి. అతికించిన శబ్దాలుంటే కట్టేయండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. భాష అడ్డం రాదు. టైటిల్ కార్డు వచ్చినప్పుడు మీరే తెలుగులో చదివి చెప్పండి, మరకలు కనిపించిన చోట అవి మరకలని కూడా చెప్పండి. సినిమా అయిపోయాక వాళ్లు పెరట్లో డబ్బాలు, తాళ్లు పోగేయడం మొదలుపెడితే, దయచేసి అడ్డుపడకండి.