అల్లాయ్ చక్రాలకు కొత్త పూత: ఎంపికలో చూడవలసినవి

కార్లకు వచ్చే అల్లాయ్ చక్రాల్లో ఎక్కువ భాగం పోతపోసినవి. అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపిన ఎ356 అనే మిశ్రమాన్ని వీటికి ఎక్కువగా వాడతారు. పోసిన చక్రాన్ని దాదాపు 540 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, నీళ్లలో ముంచి, ఆపైన 150–170 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. టి6 అనే ఈ ప్రక్రియ వల్లే చక్రానికి గుంతల దెబ్బను తట్టుకునే బలం వస్తుంది. అందుకే పాత చక్రానికి కొత్త ఫినిష్ వేయించేటప్పుడు దానికి ఎంత వేడి తగులుతుంది, ఎంత లోహం అరుగుతుంది అని ముందు అడగాలి. రంగు, మెరుపు ఆ తర్వాతి సంగతులు.

ఏ పూతకైనా ముందుపని ఒకటే. టైరు, వాల్వు, గాలి ఒత్తిడి సెన్సర్, బ్యాలెన్సింగ్ బరువులు అన్నీ తీసేయాలి. చక్రాన్ని తిప్పి వంకర ఉందేమో, కమ్మీల మొదళ్లలో పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. పగుళ్లున్న చక్రాన్ని రంగుతో కప్పడం కంటే పాత సామానుకు వేయడం మేలు. పాత రంగును రసాయనంతో ఊడదీసి, మిగిలినదాన్ని సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ పొడితో బ్లాస్టింగ్ చేస్తారు. ఇనుప సామాన్ల రంగు తీయడానికి వాడే కాస్టిక్ సోడా అల్యూమినియాన్నే తినేస్తుంది. రంగును కాల్చి బూడిద చేసే ఓవెన్లు 350 డిగ్రీలు దాటుతాయి కాబట్టి వాటిలో చక్రం మెత్తబడుతుంది. శుభ్రమైన లోహానికి రంగు పట్టేలా ఒక పలుచని రసాయన పొర ఇస్తారు. ఒకప్పుడు క్రోమేట్ పొర ఇచ్చేవారు, ఇప్పుడు టైటానియం–జిర్కోనియం ద్రావణాలు దాని స్థానంలోకి వస్తున్నాయి. కంటికి ఆనని ఈ పొరను ఎగ్గొట్టిన చోట పైన ఎంత ఖరీదైన రంగు వేసినా కొన్నాళ్లకు పొక్కులు లేస్తుంది.

స్ప్రే రంగు అన్నిటికంటే సులువు. ప్రైమర్, బేస్ కోటు, క్లియర్ కోటు వేసి 60–80 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. ఆ వేడి లోహాన్ని ఏమీ చేయదు. మిగతా మూడు చక్రాల రంగుకు సరిపోయేలా ఒక్కదాన్నే బాగుచేయాలంటే ఇదే దారి. గీత పడితే ఆ మేరకే సరిదిద్దుకోవచ్చు కూడా. అయితే గట్టిపరిచే ద్రవం కలిపే రంగుల్లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి ముఖానికి గుడ్డ కట్టుకుని ఆరుబయట కొట్టే పని కాదిది.

దెబ్బకు ఎక్కువ ఓర్చేది పౌడర్ కోటింగ్. విద్యుదావేశం ఎక్కించిన పొడి రంగును ఎర్త్ చేసిన చక్రం మీదికి చిమ్ముతారు. 180–200 డిగ్రీల దగ్గర 10–20 నిమిషాల్లో అది కరిగి 60–80 మైక్రాన్ల గట్టి పొరగా మారుతుంది. చిక్కులు రెండు. పోత లోహంలోని సన్నటి రంధ్రాల్లో చిక్కిన గాలి వేడికి బయటికొచ్చి పూతలో సూదిబెజ్జాలు పెడుతుంది. తెలిసిన పనివాళ్లు ముందే చక్రాన్ని ఒకసారి కాచి ఆ గాలిని పోనిస్తారు. ఇక లోతైన మూలల్లోకి పొడి సరిగా వెళ్లదు. విద్యుత్ క్షేత్రం అంచుల దగ్గరే బలంగా ఉండడం దీనికి కారణం. వేడి గురించి భయపడేవారూ ఉన్నారు. చక్రాల ఫ్యాక్టరీల్లోనే పౌడర్ ప్రైమర్ వేస్తారు కనుక ఒక్కసారి కొలతగా కాల్చితే ముప్పు లేదు. రంగు కుదరలేదని పదేపదే, థర్మామీటరు లేని ఓవెన్‌లో ఎక్కువసేపు కాలిస్తే మాత్రం టి6తో వచ్చిన బలం తగ్గిపోతుంది.

షోరూమ్‌లో చూపు లాగేది డైమండ్ కట్. రంగు వేసిన చక్రం ముఖాన్ని లేత్ మీద వజ్రపు మొన ఉన్న పనిముట్టుతో మిల్లీమీటరులో కొన్ని వంతులు చెక్కి, మెరిసే లోహం మీద పారదర్శకమైన లాకర్ వేస్తారు. అందమంతా ఆ లాకర్ చేతిలో ఉంది. చిన్న రాయి తగిలి అది చిట్లిందంటే తేమ, ఉప్పు లోపలికి పాకి ఆకు మీద పురుగు తొలిచిన జాడల్లాంటి తెల్లని గీతలు పుడతాయి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ల ఉప్పుగాలికీ, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే టొరంటోకీ ఈ ఫినిష్ సరిపడదు. మళ్లీ చెక్కించవచ్చు గానీ ప్రతిసారీ లోహం పలచబడుతుంది కాబట్టి అలా కొన్నిసార్లే సాధ్యం.

క్రోమ్ ప్లేటింగ్‌లో కనిపించే మెరుపు చాలావరకు కింది నికెల్‌ది. పైనున్న క్రోమియం పొర సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. పొర చిట్లితే నికెల్ పక్కనున్న అల్యూమినియం మామూలు కంటే త్వరగా తినేయబడి, టైరు కూర్చునే అంచు దగ్గర గాలి కారడం మొదలవుతుంది. ఉత్త పాలిష్ చవక, కాకపోతే దాన్ని తరచూ రుద్దుతూనే ఉండాలి.

యానోడైజింగ్ అనేది పైన వేసే పూత కాదు, అల్యూమినియం ఉపరితలాన్నే విద్యుత్తుతో గట్టి ఆక్సైడ్‌గా మార్చే పద్ధతి. సిలికాన్ ఎక్కువున్న పోత చక్రాల మీద అది మచ్చలు మచ్చలుగా బూడిదరంగు తేలుతుంది. సాగగొట్టిన చక్రాల మీదే దాని అసలు అందం. 1966లో పోర్షె 911 ఎస్‌తో వచ్చిన, జర్మనీలోని ఓటో ఫుక్స్ సంస్థ చేసిన అయిదు రేకుల చక్రం దీనికి పేరుపొందిన ఉదాహరణ. తర్వాతి కాలంలో చాలామంది ఆ ఆక్సైడ్‌ను ఊడదీసి అద్దంలా పాలిష్ పెట్టించారు. రక్షణ పోయింది, అసలు చక్రానికున్న మందమైన వెండి నిగారింపూ పోయింది. పాత కార్ల ప్రేమికులు ఇప్పుడు మళ్లీ యానోడైజింగ్ చేయించుకుంటున్నారు.

ఏ పూత ఎంచుకున్నా రెండు చోట్ల అది మందంగా పడకూడదు. హబ్‌కు ఆనే వెనుక ముఖం ఒకటి, నట్లు కూర్చునే గుంటలు రెండోది. వాటి మధ్య నలిగిన రంగు కొద్దికొద్దిగా అణిగిపోతే నట్టు బిగువు సడలుతుంది. పూతకు ముందే ఆ చోట్లను టేపుతోనో బిరడాలతోనో మూసేయాలి. చక్రాలు బిగించి 50–100 కిలోమీటర్లు నడిపాక, కారు కంపెనీ చెప్పిన టార్క్‌కు నట్లను మళ్లీ సరిచూడాలి.